ఎనిమిది నెలలుగా ఒక్క పుస్తకమూ పూర్తి కాలేదు, ఇప్పుడు ‘ఎర్త్‌సీ’ నాలుగో అధ్యాయంలో ఆగిపోయాను

పుటలమధ్య (ప్రశ్న)

నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నాకు 43 ఏళ్లు. చదవడం వచ్చినప్పటి నుంచీ పక్కన పుస్తకం లేకుండా పడుకున్న రాత్రులు చాలా తక్కువ. అలాంటిది ఎనిమిది నెలలుగా ఒక్కటి కూడా చివరిదాకా చదవలేకపోయాను. మొదలుపెట్టినవి మాత్రం 14. అన్నిటిదీ ఒకటే వరస. ముప్ఫై నలభై పేజీలు బాగానే సాగుతుంది. ఒక రాత్రి మధ్యలో మూసేస్తాను. మర్నాడు తెరవాలనిపించదు. మూడో రోజుకి ఆ పుస్తకం వైపు చూస్తే బాకీ ఉన్న మనిషి ఎదురుపడినట్టు ఉంటుంది. నాలుగో రోజు దాన్ని అల్మరాలో పెట్టేసి ఇంకోటి తెచ్చుకుంటాను.

దీన్ని రీడింగ్ స్లంప్ అంటారని తెలుసు. ఇంతకుముందు కూడా రెండు మూడు సార్లు వచ్చింది, పది పదిహేను రోజుల్లో దానంతట అదే పోయింది. ఈసారి పోవడం లేదు.

ఇక అసలు సంగతి. మా తమ్ముడి కూతురికి పదమూడేళ్లు. నెల క్రితం ఉర్సులా కె. లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అనే ఫాంటసీ నవలని నాలుగు రోజుల్లో చదివేసింది. తన కాపీ తెచ్చి నా చేతిలో పెట్టి, “అత్తా, ఇది నువ్వు చదవాలి. చివర్లో ఒకటుంది. దాని గురించి మాట్లాడదామంటే నాకెవరూ లేరు” అంది. ఆ పిల్లకి చదవడం అలవాటు చేసింది నేనే. ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకాలు చదివి వినిపించిన దాన్ని. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేసి “ఎక్కడిదాకా వచ్చావత్తా?” అని అడుగుతుంటే, మొన్న “అయిపోవచ్చింది” అని అబద్ధం చెప్పాను. చెప్పినప్పటి నుంచీ మనసు బాగాలేదు.

నిజానికి నాలుగో అధ్యాయం మధ్యలో ఉన్నాను. పుస్తకం నచ్చలేదా అంటే, నచ్చింది. గాంట్ దీవిలో మేకలు కాసే గెడ్ అనే పిల్లాడు, పిన్ని నోట విన్న మాటని అర్థం తెలియకుండా పైకి అనడం, మేకలన్నీ వచ్చి అతని చుట్టూ ఒత్తుకుని నిలబడటం, అతను భయపడి ఏడవడం, అదంతా కళ్లకి కట్టింది. తర్వాత గురువు ఓగియన్ దగ్గరికి వెళ్తాడు. ఓగియన్ తలుచుకుంటే వానని పక్కకి పంపేయగలడు. పంపడు. చెట్టు కింద పడుకుని తడుస్తాడు. కుర్రాడికి ఒళ్లు మండుతుంది, ఇంత శక్తి ఉండి ఏం లాభమని. చదువుతుంటే నాకూ అలాగే మండింది, కాబట్టి రచయిత్రి గెలిచినట్టే.

కానీ కథ నడిచే తీరు నాకు పట్టు చిక్కడం లేదు. సంభాషణలు తక్కువ. ఒక శీతాకాలమంతా ఒక పేరాలో దొర్లిపోతుంది. గెడ్ లోపల ఏమనుకుంటున్నాడో ఈ కాలం నవలల్లోలా పేజీలకి పేజీలు చెప్పదు. దూరంగా నిలబడి, ఎప్పుడో జరిగిపోయింది చెబుతున్నట్టు చెబుతుంది. రోక్ దీవిలోని మాంత్రికుల బడిలో తోటి కుర్రాడు జాస్పర్ రెచ్చగొడితే గెడ్ పంతానికి పోయి చనిపోయిన వాళ్ల లోకం నుంచి పాత గాథల్లోని అందగత్తె ఎల్ఫారన్‌ని పిలుస్తాడు కదా, ఆ సందులోంచి నీడ దూకి అతని మీద పడుతుంది కదా. ఆ రాత్రి దగ్గర మూశాను. పన్నెండు రోజులైంది.

ఈ పుస్తకమే నెమ్మదా, నాకే చదవడం పోయిందా? చదివినవాళ్లు చెప్పండి. నాలుగో అధ్యాయం దాటి కథ మాత్రం చెప్పకండి, దయచేసి.

మూడో అల్మరా

పుటలమధ్య గారూ, నేను ఈ పుస్తకం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి పదిహేనేళ్లకి, చివరిసారి పోయిన ఏడాది, యాభై రెండేళ్లకి. పుస్తకం నెమ్మదైనదే. మీరు కనిపెట్టింది సరిగ్గానే ఉంది, ఇది ఎప్పుడో జరిగిపోయిన కథ చెబుతున్నట్టే రాసింది. మొదటి పేజీలోనే గెడ్ పెద్దయ్యాక ఎంత గొప్పవాడయ్యాడో చెప్పేసి, ఇది మాత్రం అతని పేరు ఎవరికీ తెలియక ముందు కథ, పాటలు కట్టక ముందు కథ అంటుంది. అంటే బతుకుతాడా చస్తాడా అన్న సస్పెన్స్ మొదటి పేజీలోనే తీసి పక్కన పెట్టేసింది. ఇవాళ్టి ఫాంటసీలు ఆ సస్పెన్స్ మీదే బతుకుతాయి. వాటికి అలవాటైన కంటికి ఇది చప్పగా అనిపించడంలో మీ తప్పేమీ లేదు.

రాసిన సందర్భం కూడా చెబుతాను, నాకు ఇష్టమైన సంగతి. 1967లో పార్నసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ లె గ్విన్‌ని టీనేజి పిల్లల కోసం ఏదైనా రాయమని అడిగింది. అప్పటిదాకా కథల్లో మాంత్రికులంటే తెల్లగడ్డాల ముసలివాళ్లే. మరి వీళ్లంతా ఒకప్పుడు కుర్రాళ్లే కదా, ఈ విద్యంతా ఎక్కడ నేర్చుకున్నారు అన్న ఆలోచన దగ్గర ఆవిడ మొదలుపెట్టింది. పుస్తకం 1968లో వచ్చింది. మాంత్రికుల బడి కథలు ఇప్పుడు కోకొల్లలు. అప్పుడు అది కొత్త ఊహ.

ఇక మీ సమస్య. మీరు మూసింది సరిగ్గా మూయకూడని చోట. నాలుగో అధ్యాయం దాటి చెప్పొద్దన్నారు, దాటను. అదే అధ్యాయంలో ఇంకొన్ని పేజీలు ముందుకి వెళ్లండి. నీడ చేసిన గాయాలతో గెడ్ నెలల తరబడి పడి ఉంటాడు. లేచాక ఏమవుతుందో చూడండి. బడిలో అందరికన్నా చురుకైనవాడు, ఒక్కసారి వింటే పట్టేసేవాడు, ఇప్పుడు తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుంటాడు. అతి తేలికైన మంత్రం కూడా నోట్లో తడబడుతుంది. చేతులు వణుకుతాయి. ఇదివరకు తను అజమాయిషీ చేసిన కుర్రాళ్లందరూ ముందుకి వెళ్లిపోయారు. ఒకప్పుడు సునాయాసంగా వచ్చినది ఇప్పుడు రాకపోతే ఎలా ఉంటుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పుస్తకం నాకు ఇంకొకటి తెలియదు. నాకు ఉద్యోగంలో ఒక పెద్ద దెబ్బ తగిలిన ఏడాది ఆ రెండు మూడు పేజీలే మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఆ అధ్యాయంలోనే, కాస్త తర్వాత, బడిలో స్నేహితుడు వెచ్ అతన్ని చూడటానికి వస్తాడు. అక్కడేం జరుగుతుందో చెప్పను. అక్కడిదాకా చదివి, ఆ తర్వాత కూడా మూసేయాలనిపిస్తే మూసేయండి.

నిశాచరి

నేను ఒప్పుకోను, అల్మరా గారూ. స్లంప్‌లో ఉన్న మనిషికి ఇలాంటి పుస్తకం ఇవ్వడం జ్వరంలో కొండ ఎక్కమనడం. పుటలమధ్య గారూ, మీ మేనకోడలికి నిజం చెప్పేయండి. “ఇంకా నాలుగో అధ్యాయంలోనే ఉన్నానమ్మా, చదవలేకపోతున్నాను” అంటే ఆ పిల్ల ఏమీ అనుకోదు. పదమూడేళ్ల పిల్లలకి అబద్ధం కన్నా ఇది బాగా అర్థమవుతుంది.

పుస్తకం గురించి కూడా నా మాట చెబుతాను. భాష అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆడవాళ్లకి ఇందులో చోటే లేదు. ఆడదాని మంత్రం అంత బలహీనం, ఆడదాని మంత్రం అంత చెడ్డది అని గాంట్‌లో సామెతలున్నట్టు మొదటి అధ్యాయంలోనే రాస్తుంది. రోక్ బడిలో ఆడపిల్ల ఒక్కతీ లేదు. పిల్లాడికి మొదటి మాట నేర్పిన పిన్నిని పల్లెటూరి మంత్రగత్తె అని పక్కకి నెట్టేసి కథ ముందుకి పోతుంది. నేను ఇరవై ఏళ్లప్పుడు చదివి కోపంతో మూసేశాను. అదే రచయిత్రి 1990లో ‘తెహాను’ రాసి ఆ లోకాన్ని ఒక మధ్యవయసు ఆడమనిషి కళ్లతో మళ్లీ చూసిందని తెలిశాక నా కోపం కొంత తగ్గింది. తను కట్టిన ఇంటిలోని లోపాన్ని తనే ఒప్పుకుని మళ్లీ గోడ పగలగొట్టిన రచయితలు ఎంతమంది ఉంటారు?

మీకు ఎర్త్‌సీయే కావాలంటే రెండో పుస్తకం, ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’, 1971లోది, తీసుకోండి. మొదటిది చదవకపోయినా అర్థమవుతుంది. చిన్నప్పుడే ఇంటి నుంచి తీసుకొచ్చి, పేరు కూడా లాగేసుకుని, చీకటి సమాధులకి పూజారిణిని చేసిన అమ్మాయి కథ. గెడ్ చాలాసేపటిదాకా కనిపించనే కనిపించడు. భూమి కింద చిక్కుదారుల్లో ఆ అమ్మాయి చేత్తో గోడ తడుముకుంటూ మలుపులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటే ఎవరూ పుస్తకం కింద పెట్టలేరు.

వానపాట

కథ సంగతి మిగతావాళ్లు చెబుతారు. నేనొకటి అడుగుతాను. కళ్లు చూపించుకున్నారా?

43 ఏళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే. కంటిలోని లెన్స్ బిగుసుకుపోయి, దగ్గరున్నదాని మీద ఫోకస్ చేయలేదు. అది ఒక్కరోజులో రాదు కాబట్టి మనకి తెలియదు. తెలిసేదల్లా, ముప్ఫై పేజీలు చదివేసరికి అలసట, కణతల దగ్గర లాగినట్టు ఉండటం, ‘ఎందుకో మనసు నిలవడం లేదు’ అనుకోవడం. రాత్రిపూట, మసక వెలుతురులో ఇంకా ఎక్కువ. మీరు చదివేది రాత్రే అని రాశారు. నేను ఏడాదిపాటు నాకు చదవడం మీద ఇష్టం పోయిందని బాధపడ్డాను. చదివే అద్దాలు పెట్టుకున్న రోజు రాత్రి తొంభై పేజీలు చదివాను.

ఇంకొకటి. పుస్తకాలే కాక పాటలు, మనుషులు, ఇష్టమైన పనులు ఏవీ పట్టనట్టు ఉంటే, అది స్లంప్ కాకపోవచ్చు. అప్పుడు డాక్టర్‌తో మాట్లాడండి, ఆలస్యం చేయకండి.

పుటలమధ్య

అందరికీ ధన్యవాదాలు. ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు.

వానపాట గారూ, చూపించుకోలేదు. మేనకోడలి కాపీలో అక్షరాలు చాలా చిన్నవి, పేజీని కాస్త దూరం పెట్టి చదువుతున్నానని మీరు అడిగాకే గమనించాను. వెళ్తాను. మిగతా విషయాల్లో బాగానే ఉన్నాను. పాటలు వింటున్నాను, మనుషులతో మాట్లాడుతున్నాను. చదవడం ఒక్కటే పోయింది.

నిశాచరి గారూ, మీ మాట విని నిన్న సాయంత్రం నిజం చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “నాలుగో అధ్యాయంలో ఎక్కడ?” అంది. చెప్పాను. “ఓ, అక్కడా. అక్కడ నేనూ ఒక రోజంతా ఆపేశానత్తా” అంది.

అల్మరా గారూ, మీరు చెప్పిన పేజీలు ఇంకా చదవలేదు. కానీ మీ జవాబు చదివాక ఒక పని చేశాను. నా దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. నాలుగేళ్లుగా చదివిన ప్రతి పుస్తకం పేరు, పూర్తయిన తేదీ, పేజీలు, ఐదుకి ఎన్ని మార్కులు, పక్కన ఒక చిన్న మాట, అన్నీ అందులో రాస్తాను. మొదటి ఏడాది 31 పుస్తకాలు. రెండో ఏడాది 48. మూడో ఏడాది అరవై టార్గెట్ పెట్టుకుని 63 చదివాను. ఈ నాలుగో ఏడాది ఏడు దగ్గర ఆగిపోయింది. ఆ 63 ఎలా చదివానో నాకు తెలుసు. నెలాఖరుకి లెక్క తగ్గుతుంటే సన్నటి పుస్తకాలు ఏరుకునేదాన్ని. ఆడియో పుస్తకాలు ఒకటిన్నర రెట్ల వేగంతో వినేదాన్ని. వర్ణన కనిపిస్తే కళ్లు వాటంతట అవే కింది పేరాకి దిగిపోయేవి.

నిన్న రాత్రి ఆ 63 పేర్లూ వరసగా చదివాను. 19 పుస్తకాల దగ్గర ఏమీ గుర్తురాలేదు. ఏమీ అంటే ఏమీ లేదు. ఒకదానికి ఐదుకి ఐదు వేసి, పక్కన ‘చాలా ఏడిపించింది’ అని రాసుకున్నాను. నా దస్తూరీయే. ఎవరి గురించి ఏడ్చానో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ మనిషి పేరు కూడా గుర్తులేదు. నోట్‌బుక్ మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, మూడో అధ్యాయంలో ఒంటరి బురుజు. పేర్లు నేర్పే గురువు పిల్లలకి నిజనామాల జాబితాలు రాసి ఇస్తాడు. అర్ధరాత్రి అయ్యేసరికి సిరా మాయమైపోతుంది, కాగితం మళ్లీ తెల్లగా మిగులుతుంది. ఈలోపు నేర్చుకుంటే నేర్చుకున్నట్టు. చదివినప్పుడు బాగుందనుకుని దాటిపోయాను. నిన్న రాత్రి ఆ తెల్ల కాగితం కళ్ల ముందు నుంచి కదల్లేదు.

గొంతెత్తి

ఆలస్యంగా చూశాను. మీ రెండో పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్నగారికి చివరి మూడేళ్లు చూపు దాదాపు పోయింది. రోజూ రాత్రి ఒక గంట చదివి వినిపించేవాణ్ణి. ఎర్త్‌సీ మొదటి మూడు పుస్తకాలూ అలాగే చదివాను. అప్పటిదాకా నేను కూడా మీలాగే గబగబా చదివే రకం. పైకి చదివేటప్పుడు గబగబా కుదరదు. గంటకి పద్దెనిమిది, ఇరవై పేజీలు, అంతకు మించితే గొంతు ఊరుకోదు. మీకు పట్టు చిక్కడం లేదన్నది ఆ వాక్యాల తూకమే అనుకుంటున్నాను. అవి కంటి కోసం రాసినవి కావు. పొడుగ్గా సాగి, ఊపిరి తీసుకోవాల్సిన చోటే ఆగుతాయి. లె గ్విన్ రాయడం నేర్పుతూ ఒక పుస్తకం రాసింది, 1998లో వచ్చింది. అందులో మొదటి పాఠమే వాక్యం చెవికి ఎలా వినిపిస్తుందన్న దాని మీద. ‘అనగనగా’ అని మొదలుపెట్టే మనిషి గొంతు ఎలా ఉంటుందో తలుచుకోండి. ఆ గొంతుకి తొందరుండదు. ఒక శీతాకాలాన్ని ఒక పేరాలో చెప్పే హక్కు ఆ గొంతుకి ఉంటుంది.

ఓగియన్ వానలో పడుకునే చోటు మా నాన్నగారు మూడుసార్లు చదివించుకున్నారు. ఆ దగ్గర్లోనే ఓగియన్ కుర్రాడితో ఒక మాట అంటాడు, వినాలంటే మౌనంగా ఉండాలని. మా నాన్నగారు ఆ మాట విని నవ్వి, “నీకే చెబుతున్నాడు” అన్నారు. నాకు అప్పట్లో మధ్యలో ఆపి వివరించే అలవాటు ఉండేది. ఆ రోజుతో మానేశాను.

రోజుకి పది పేజీలు పైకి చదవండి. తలుపేసుకుని ఒక్కరే అయినా సరే. మేనకోడలికి ఫోన్‌లో చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

ఈకగుర్తు

ఇది మీ ప్రశ్నకి జవాబు కాదు, క్షమించండి. నాకు పంతొమ్మిదేళ్లు. ఈ పుస్తకం గురించి ఎవరు మాట్లాడినా నాకు చెప్పాలనిపించేది ఒకటుంది. గెడ్ ఒంటి రంగు ఎర్రటి గోధుమ. వెచ్ నల్లనివాడు. ఎర్త్‌సీలో ఎక్కువమంది అలాంటివాళ్లే, దాడికి వచ్చే కార్గ్ సైనికులు తెల్లవాళ్లు. ఇది ప్రకటించినట్టు ఎక్కడా చెప్పదు, మాటల మధ్యలో ఒక ముక్క వస్తుంది, చాలామంది గమనించకుండానే వెళ్లిపోతారు. 1968లో ఒక ఫాంటసీ నాయకుణ్ణి అలా రాసింది. ఆ తర్వాత చాలా ముఖచిత్రాల మీద గెడ్‌ని తెల్లగానే వేశారు. 2004లో టీవీ సిరీస్ తీసినప్పుడూ అదే చేస్తే, ఆవిడ గట్టిగా అభ్యంతరం చెబుతూ వ్యాసం రాసింది.

నేను చదివిన ఫాంటసీల్లో నా రంగు పిల్లలు పక్కన ఉండేవాళ్లు, సాయం చేసేవాళ్లు, మధ్యలో చచ్చిపోయేవాళ్లు. గెడ్ గురించి ఆ ముక్క చదివినప్పుడు వెనక్కి వెళ్లి మొదటి నుంచీ మళ్లీ చదివాను, ఈసారి అతని ముఖం ఊహించుకుంటూ. మీ మేనకోడలికి ఇది చెప్పండి. గమనించిందేమో అడగండి.

పుటలమధ్య

ఇరవై రెండు రోజుల తర్వాత వస్తున్నాను. పూర్తయింది.

ఇక్కడి నుంచి చివరిదాకా కథ ఉంది. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు వానపాట గారికి. వెళ్లాను. ప్లస్ 1.25 ఇచ్చారు. మొదటిసారి పెట్టుకుని పేజీ చూస్తే అక్షరాల అంచులు కనిపించాయి. ఇన్ని నెలల బాధలో సగం ఇదేనేమో అనిపించింది. మిగతా సగం ఇది కాదని కూడా తెలుసు, ఎందుకంటే అద్దాలు వచ్చిన మొదటి రాత్రి కూడా నా చెయ్యి ఇంకా ఎన్ని పేజీలున్నాయా అని చివరి పేజీ వైపే వెళ్లింది.

గొంతెత్తి గారి మాట పట్టుకున్నాను. రోజూ రాత్రి పది పేజీలు పైకి. మొదటి రెండు రోజులు నా గొంతు నాకే కొత్తగా, పరాయి మనిషిదిలా వినిపించింది. మూడో రోజు వెచ్ వచ్చి, వెళ్లిపోయే ముందు, తన నిజనామం గెడ్‌కి చెప్పే చోటుకి వచ్చాను. ఎర్త్‌సీలో నిజనామం తెలిస్తే ఆ మనిషి ప్రాణం చేతిలో ఉన్నట్టే. అన్నీ పోగొట్టుకుని, తన మీద తనకే నమ్మకం పోయినవాడికి వెచ్ అడక్కుండానే పేరు చెప్పేస్తాడు. ఎస్టారియల్. ఆ పేరు పైకి అనబోతే గొంతు పూడుకుపోయింది. అల్మరా గారూ, మీరు అది చెప్పకుండా దాచినందుకు మీకు నమస్కారం.

తర్వాత ఆగలేదు. ఆగలేదంటే పరిగెత్తానని కాదు, పది పేజీలు పదిగానే ఉన్నాయి. పెండోర్ దీవిలో డ్రాగన్‌తో గెడ్ ఆడిన బేరం అందరూ మెచ్చుకుంటారట. నాకు బాగానే ఉంది, అంతే. నన్ను పట్టేసింది ఏడో అధ్యాయం చివర. గెడ్ డేగగా మారి తప్పించుకుంటాడు. భయంతో, కోపంతో సముద్రాల మీద అదే పనిగా ఎగిరి ఎగిరి, ఆ రూపంలో ఎక్కువసేపు ఉండిపోయి మనిషితనమే మర్చిపోతాడు. అలాగే వెళ్లి ఓగియన్ చేతి మీద వాలతాడు. ఓగియన్ అది ఎవరో గుర్తుపడతాడు. మళ్లీ మనిషిని చేసి, పడుకోబెట్టి, ఏమీ అడగడు. ఇంతకాలం ఏమైపోయావని అడగడు. గెడ్ నోరు తెరిచాకే మాట్లాడతాడు. అక్కడ నేను పైకి చదవడం ఆపి కాసేపు ఊరుకున్నాను.

ఇంకా ఆ ఇసుకదిబ్బ మీద ముసలి అన్నాచెల్లెళ్లు. పసిపిల్లలుగా ఉన్నప్పుడు ఎవరో అక్కడ వదిలేసి పోతే, ఇంకో మనిషి ముఖం చూడకుండా ముసలివాళ్లయిపోయారు. ఆ ముసలామె తన దగ్గరున్న విరిగిన కంకణం ముక్కని గెడ్‌కి ఇస్తుంది. అతను వెళ్తూ వెళ్తూ వాళ్ల ఉప్పునీటి ఊటని మంచినీళ్లుగా మార్చిపోతాడు. నేను మునుపటిలా చదివి ఉంటే, కథకి సంబంధం లేదని ఆ నాలుగు పేజీలు దాటేసేదాన్ని. ఆ ముక్క మీదే రెండో పుస్తకం నిలబడి ఉందని ఇప్పుడు మా పిల్ల చెబుతోంది.

నిశాచరి గారూ, మీ కోపం నాకు పూర్తిగా అర్థమైంది. పిన్ని నాకూ గుర్తొస్తూనే ఉంది. ఆవిడకి ఒక పేజీ కూడా దక్కలేదు.

నిన్న సాయంత్రం మేనకోడలు వచ్చింది. నేననుకున్నది, నీడకి గెడ్ తన పేరే పెట్టి పిలవడం గురించి అడుగుతుందని. ఏమేం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. తనకి అది మామూలుగానే అర్థమైపోయింది. “అది ఇంకెవరి పేరై ఉంటుందత్తా?” అంది. తను మాట్లాడాలనుకున్నది చివరి పేరా. గెడ్ మీద పెద్ద గాథ ఉంది కదా, అందులో ఈ ప్రయాణం గురించి ఒక్క ముక్క లేదట. వెచ్ దీని మీద పాట కడతానన్నాడు, కట్టి ఉంటే అది పోయింది అని రాసి ఉంది.

“అతను చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఇదే. అది ఏ పాటలోనూ లేదు. ఎవరికీ తెలియదు. గెడ్‌కి బాధ ఉండదా?” అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. వెచ్‌కి తెలుసు కదా అన్నాను. కాసేపు ఆలోచించి, “ఒక్కరికి తెలిస్తే చాలా?” అంది. చాలేమో అన్నాను. తను ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా దాని మీదే మాట్లాడుకున్నాం. ఈకగుర్తు గారూ, గెడ్ రంగు గురించి కూడా అడిగాను. మొదట్లోనే గమనించిందట, “నీకు ఇప్పుడు తెలిసిందా?” అన్నట్టు చూసింది.

నోట్‌బుక్ బల్ల మీదే ఉంది. ఈ పుస్తకం పేరు అందులో ఇంకా రాయలేదు.

ఇవాళ అటువాన్ మొదలుపెట్టాం. ఇద్దరికీ ఒకటే కాపీ, రోజు మార్చి రోజు చేతులు మారుతుంది. తను ఆగిన చోట ఆకుపచ్చ దారం పెడుతుంది, నేను ఎర్ర దారం. ప్రస్తుతానికి ఆకుపచ్చ దారం నాకన్నా ముప్ఫై పేజీలు ముందుంది.